పడుకుంటే నిలబడే వంటగది

భిలాయి స్మృతి నగర్‌లో కల్యాణి మాడ్యులర్ కిచెన్ల దుకాణానికి గిరాకీ బాగానే ఉండేది గానీ, ఒక చిక్కు మాత్రం ఆమెను వదలలేదు. కాగితం మీద గీసి చూపించినప్పుడు బాగుందని తలూపిన ఇల్లాలే, అంతా బిగించాక వచ్చి, "ఈ అల్మరా నాకు అందడం లేదండీ" అనేది. కంప్యూటర్‌లో రంగులేసి చూపించినా అంతే. వంటగది కట్టకముందే మనిషిని అందులో నిలబెట్టి చూపించే ఉపాయం ఉందనీ, కళ్లకు ఒక హెడ్‌సెట్ తగిలిస్తే చాలనీ ఆమె దగ్గర డ్రాయింగులు వేసే రాజశ్రీ చెప్పింది.

రాజశ్రీ భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కంగారొస్తే రెండూ కలిసిపోయేవి. కొత్తది కొనడం మన వల్ల కాదని ఆ పిల్లే ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ సరుకు కోసం వెతికింది. సెక్టర్ 6లో ఒకాయన డెస్క్‌టాప్, హెడ్‌సెట్, గోడ మూలల్లో బిగించే రెండు సెన్సర్లు అన్నీ కలిపి అమ్ముతున్నాడని తేలింది.

ఆయన పేరు ధర్మారావు. స్టీల్ ప్లాంట్‌లో మీటర్లూ గేజీలూ బాగుచేసే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. వీళ్లు వెళ్లేసరికే క్వార్టర్ ముందు గదిలో సామానంతా తుడిచి, వైర్లు చుట్టి, అట్టపెట్టెల్లో సర్ది ఉంచాడు. ఆ గదిలో గోడవారగా ఒక ఇనప మంచం ఉంది. ఆసుపత్రుల్లో ఉండే రకం, తలవైపు పైకెత్తడానికి పిడి ఉన్నది. దాని మీద పరుపు లేదు.

"ఎవరు వాడేవారు బాబాయ్ గారూ?" అని కల్యాణి మాటవరసకు అడిగింది.

"ఇంట్లో వాళ్లేనమ్మా," అన్నాడాయన. అట్టపెట్టె మూత ఒకటి నొక్కి, "అన్నీ తుడిచేసేను. కొత్తదాన్లాగే ఉంటాది. మళ్లీ నన్ను అడగాల్సిన పనుండదు," అన్నాడు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. ఆటోలోకి సామాను ఎక్కిస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆటో కదలకముందే తలుపు వేసుకున్నాడు.

దుకాణంలో దాన్ని నడిపించడం అనుకున్నంత తేలిక కాలేదు. కంప్యూటర్ వెలిగింది గానీ, హెడ్‌సెట్ కనబడడం లేదని తెర మీద అదే మాట మళ్లీ మళ్లీ వచ్చింది. రాజశ్రీ ఫోన్‌లో వీడియోలు చూస్తూ, ఒక సాకెట్‌లోంచి పీకి మరో సాకెట్‌లో పెడుతూ, డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు దింపుతూ ఒక రోజంతా దాని ముందే కూర్చుంది. హెడ్‌సెట్ వైరు మానిటర్ వైరు పక్కనే, గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్లాలని సాయంత్రానికి తెలిసింది. అప్పుడు హెడ్‌సెట్‌లో దీపం వెలిగింది గానీ బొమ్మ వణికిపోయింది. దుకాణం నిండా అద్దంలా మెరిసే అల్మరా తలుపులే. సెన్సర్ల వెలుగు వాటి మీద పడి చెదిరిపోతోందని మర్నాడు అర్థమైంది. కల్యాణి ఇంట్లోంచి తెల్ల దుప్పట్లు తెచ్చింది. ఇద్దరూ కలిసి ఒక్కో అల్మరానూ కప్పేశారు. పని ముగిశాక చూస్తే, ఎవరో ఊరొదిలి వెళ్లిపోయిన ఇల్లులా ఉంది దుకాణం.

"అబ్ చలేగా దీదీ, ఇంక పనిచేస్తుంది," అంటూ రాజశ్రీ హెడ్‌సెట్ తగిలించుకుంది.

మరుక్షణం చేతులు ముందుకు చాచి, ఎదురుగా ఉన్న దేన్నో నెడుతున్నట్టు వెనక్కి జరిగి, దుప్పటి కప్పిన కౌంటర్‌ను గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది?"

"నేల దీదీ. నేల నా ఎదురుగా లేచి నిలబడింది. గోడలాగ."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. కల్యాణి హెడ్‌సెట్ తీసుకుని తను పెట్టుకుంది.

నిజమే. ఎర్ర సిమెంటు నేల ఆమె ముఖానికి ఎదురుగా నిలువునా నిలబడి ఉంది. ఆ నేలకు ఒక స్టీలు బకెట్ అడ్డంగా అతుక్కుని ఉంది. ఓ పక్క కాళ్లు తుడుచుకునే గోనెపట్టా, ఉల్లిపొర ఒకటి. ఎవరో తనను గాలిలో బోర్లా వేలాడదీసినట్టు ఆమెకు అనిపించింది. కంప్యూటర్ స్పీకర్లలోంచి ఒక ముసలి దగ్గు వినిపించింది. ఆ నిలువు నేల మీద, పైనుంచి కిందికి, రబ్బరు చెప్పులేసుకున్న రెండు పాదాలు నడిచొచ్చాయి. ఆమె ముఖం ముందు ఆగాయి.

"లేసేవా?" అంది ఒక గొంతు.

కల్యాణి హెడ్‌సెట్ లాగేసింది.

ఇది పాత మనిషి పెట్టుకున్న సెట్టింగు అయి ఉంటుందని రాజశ్రీ తేల్చింది. ఆ వీడియో మూసేసి, నేల ఎక్కడుందో, ముందువైపు ఏదో యంత్రానికి కొత్తగా చెప్పింది. ప్రపంచం తిన్నగా నిలబడింది. తను గీసిన వంటగదిని అందులో పెడితే, ఇద్దరూ వంతులవారీగా అందులో తిరిగారు. కల్యాణి లేని సొరుగు లాగబోయి నవ్వుకుంది. ఆ రాత్రి భర్త త్రినాథరావుకు ఆ సంగతులన్నీ చెప్పి, కొన్న సొమ్ము వసూలైనట్టేనంది.

మర్నాడు పొద్దున్న కంప్యూటర్ వేసేసరికి నేల మళ్లీ గోడలా నిలబడి ఉంది. చెప్పుల పాదాలు మళ్లీ నడిచొచ్చాయి. రాజశ్రీ మళ్లీ సరిచేసింది. ఆ మర్నాడూ అదే తంతు.

"కుచ్ తో గడ్‌బడ్ హై దీదీ," అంది రాజశ్రీ. "మనం పెట్టింది రాత్రికి రాత్రి ఎవరో తీసేసి, వాళ్లది పెడుతున్నట్టుంది. ఫార్మాట్ చేసి పారేద్దాం."

"ఇంత కష్టపడి మన సాఫ్ట్‌వేర్ అంతా ఎక్కించాం కదా. కొన్నాళ్లు ఆగు."

అది పైకి చెప్పిన కారణం. ఆ గొంతు ధర్మారావుదేనని కల్యాణి మొదటిరోజే గుర్తుపట్టింది. కానీ సెక్టర్ 6లో తను విన్న గొంతు ఇలా లేదు. ఇందులో గొంతు ఎవరినో బుజ్జగిస్తోంది.

జాముల్‌లో వాళ్ల పిన్ని ఇంట్లో ఏదో శుభకార్యమని రాజశ్రీ సెలవు పెట్టిన రోజు, కల్యాణి ఒక్కతే దుకాణం తెరిచింది. షట్టరు సగం కిందికి దించి, హెడ్‌సెట్ పెట్టుకుంది. నేల ఎదురుగా లేచింది. ఈసారి తీసేయకుండా ఓర్చుకుందామనుకుంది గానీ తల తిరిగింది. గోడ తడుముకుంటూ తివాచీ మీద చతికిలబడింది. అయినా తగ్గక, కళ్లు మూసుకుని మెల్లగా వెనక్కి వాలింది. వీపు తివాచీకి ఆనింది. కళ్లు తెరిచింది.

ఆమె నిలబడి ఉంది.

వెల్లకిలా పడుకున్న మనిషి, ఒక వంటగది మధ్యలో, రెండు కాళ్ల మీదా తిన్నగా నిలబడి ఉంది. ఎర్ర నేల పాదాల కింద ఉంది. బకెట్ తన చోట తను కూర్చుంది. ఎదురుగా కడప రాయి గట్టు, రెండు బర్నర్ల పొయ్యి, వరుసగా డబ్బాలు, కిటికీ ఊచల సందుల్లోంచి పొద్దుటి ఎండ. కల్యాణి చుట్టూ చూసింది. వంటగదులు కొలవడమే ఆమె వృత్తి. గట్టు ఇంత ఎత్తున కనిపిస్తోందంటే చూసే కళ్లు తనవాటి కన్నా జానెడు కింద ఉన్నాయని వెంటనే తెలిసింది. ఇది పొట్టి మనిషి చూపు. ఒక పొట్టి ఆడమనిషి రోజూ నిలబడే చోట, ఆమె కళ్ల ఎత్తున, కెమెరా పెట్టి తీశారు.

ధర్మారావు లోపలికొచ్చాడు. లుంగీ, బనియను, రబ్బరు చెప్పులు. దగ్గి, పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టాడు. తర్వాత కల్యాణి వైపు తిరిగి, సరిగ్గా ఆమె కళ్లలోకి చూశాడు.

"లేసేవా? బాగా పడుకున్నావా రాత్రి?"

ఆగాడు. తల కొంచెం పక్కకు వంచి, జవాబు వింటున్నట్టు నిలబడ్డాడు.

"అలాగే. ఈవేళ ఏటి వొండమంటావు?"

మళ్లీ ఆగాడు. దుకాణంలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అలాగే," అని గట్టువైపు తిరిగి కత్తిపీట దించుకున్నాడు.

పరుపు లేని ఆ ఇనప మంచం కల్యాణికి గుర్తొచ్చింది. అర్థమైంది. మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు తప్ప ఇంకేమీ చూడలేని మనిషి కోసం, ఎవరో ప్రపంచాన్నే పడగొట్టి ఆమెకు ఎదురుగా పెట్టారు. ఆ మనిషి పడుకునే నిలబడింది. ఎక్కడో కొండల్లోనో సముద్రం ఒడ్డునో కాదు, పక్క గదిలో ఉన్న తన వంటింట్లోనే.

ఆ రోజు మధ్యాహ్నం దాకా కల్యాణి లేవలేదు. ఒక వీడియో అయ్యాక మరొకటి దానంతట అదే మొదలయ్యేది. ఒకదాంట్లో ధర్మారావు ఆనపకాయ తరిగాడు. మరోదాంట్లో పాలు పొంగి పొయ్యంతా పారితే, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఇటు చూశాడు. ప్రతిదాంట్లోనూ అడిగాడు, ఆగాడు, అలాగే అన్నాడు. ఆ ఆగిన చోట్ల ఎవరో ఉన్నారు. వాళ్ల మాట వినబడదు గానీ, వాళ్లున్న మేరకు చోటు ఖాళీగా ఉంది. కల్యాణి ఇప్పుడు ఆ ఖాళీలో పడుకుని ఉంది.

మర్నాటి నుంచి ఆమె రాజశ్రీ కన్నా ముందే దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టింది. కాసేపు చూసి, రాజశ్రీ వచ్చేవేళకు లేచి జుట్టు సవరించుకునేది. ఇంటి దగ్గర పొయ్యి ముందు నిలబడితే, తన గట్టు చాలా కిందికి ఉన్నట్టు అనిపించేది. ఒక్కోసారి నేల మెల్లగా లేచి ముఖం మీదికి వస్తుందేమోనని సింకు అంచు పట్టుకునేది. త్రినాథరావు వెనకనుంచి వచ్చి ఏదైనా అడిగితే, జవాబు తనది కాదేమో, ఇంకెవరైనా చెబుతారేమోనని ఒక్క క్షణం ఆగేది.

"ఏటైంది నీకు? అడిగిందానికి పలకవు," అన్నాడాయన ఒకరోజు.

"ఏం లేదు. ఆ మెషీను చూసి చూసి కళ్లు లాగుతున్నాయి."

తర్వాతి వీడియోల్లో మార్పు కనిపించింది. ధర్మారావు గడ్డం గీసుకోవడం మానేశాడు. అడగడం కూడా తగ్గింది. "ఈవేళ బెండకాయ. సూడు, లేతగా ఉన్నాయి," అని కాయ విరిచి చూపించేవాడు. ఆగేవాడు కాదు. ఒకదాంట్లో ఆయన ఏమీ మాట్లాడకుండా, కుళాయి కింద ఒకే గిన్నెను అలా కడుగుతూనే ఉన్నాడు. వీడియో అయిపోయేదాకా ఇటు తిరగలేదు. అది చూసిన రోజు కల్యాణికి అన్నం సయించలేదు.

ఒకనాటి పొద్దున్న మొదట్లోని వీడియో ఒకటి మళ్లీ వచ్చింది. ఆమె ఏదో ఆలోచనలో ఉంది.

"ఈవేళ ఏటి వొండమంటావు?" అన్నాడు ధర్మారావు.

"వంకాయ," అంది కల్యాణి.

"అలాగే," అన్నాడాయన. బుట్టలోంచి వంకాయలు తీసి గట్టు మీద పెట్టాడు.

కల్యాణి ఒళ్లు జలదరించింది. ఆ వీడియో ఇంతకుముందు చూసిందే, అందులో వంకాయలే తీస్తాడని మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ సంగతి తనకు తనే చెప్పుకుంది. అయినా, ఒక పోయిన మనిషి చోటు తనకు అచ్చంగా సరిపోయింది. హెడ్‌సెట్ తీసి, తెల్ల దుప్పట్ల మధ్య తివాచీ మీద కూర్చుని, ఇక ఆయన్ని కలవాల్సిందేననుకుంది.

ఆ పూటే సెక్టర్ 6కు వెళ్లింది. ధర్మారావు తలుపు తీసి, ఆమెను చూసి, "ఏటమ్మా, పన్జేయట్లేదా?" అన్నాడు.

"పని చేస్తోంది బాబాయ్ గారూ. కానీ రోజూ పొద్దున్న మీ వంటిల్లు వస్తోంది."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి పక్కకు జరిగి లోపలికి రమ్మన్నాడు. ఇనప మంచం ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఇప్పుడు పాత న్యూస్‌పేపర్లు పేర్చి ఉన్నాయి.

"తుడిచేసేననుకున్నానమ్మా," అన్నాడు. "ఒక డిస్కులో తుడిచేసేను. రెండోదాన్లో కూడా దాసేను, ఒకటి పోతే ఒకటి ఉంటాదని. పొద్దున్న మెషీను ఎయ్యగానే అన్నీ దానంతట అదే సర్దుకునేలా ఎట్టేను. రోజూ సెట్టింగు సెయ్యడానికి నాకు టైము సాలీది కాదు. ఆ సంగతే మర్సిపోయేను."

"పిన్ని గారి కోసమా?"

"గున్నమ్మ. పక్షవాతం వొచ్చి పడిపోయింది. మనుసులో అన్నీ తెలుసు, మాట కొంచెం కొంచెం వొచ్చీది, నెమ్మదిగా. ఏటి సూస్తావే, ఏ ఊరు సూపించమంటావు అనడిగితే, నా వొంటిల్లు సూపించు అంది." ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. "మంచం ఆ గుమ్మంలోంచి పట్టదు. ఎత్తుకెళ్దామంటే నా నడుం సాలదు. అందుకని చుట్టూ తీసే కెమెరా ఒకటి కొని, పొద్దున్నే ఆవిడ లెగవక ముందర తీసీవోణ్ణి. లేసేక హెడ్‌సెట్ ఎట్టీవోణ్ణి. దాని లోపల నాను అడిగీవోణ్ణి, ఆవిడ ఇక్కడ సెప్పీది. వీడియోలో ఏది తరిగినా, నాను ఈ కుర్చీలో కూకోని ఇని, వొంటింట్లోకెళ్లి ఆవిడ సెప్పిందే వొండీవోణ్ణి."

"అందుకేనా మధ్యలో ఆగేది?"

"అందుకే. నాలుగు అంకెలు లెక్కెట్టుకోని, అలాగే అనీవోణ్ణి. కొన్నాళ్లకి మాట పూర్తిగా పడిపోయింది. అయినా ఎట్టేను. సూసిందో లేదో నాకు తెలీదు."

"మీరెప్పుడైనా చూశారా? ఆవిడ చూసినట్టు, పడుకుని?"

ధర్మారావు తల అడ్డంగా ఊపాడు. "ఎలా కనబడతాదో సూసుకోడానికి ఒకసారి ఎట్టుకున్నాను. నాను లోపలున్నది ఎప్పుడూ సూళ్లేదు. నన్ను నాను ఏటి సూసుకుంటాను?"

తుడిచేసే ముందు ఒకసారి వచ్చి చూడమని కల్యాణి అడిగింది. వద్దన్నాడు. ఆ పని మీ పిల్లకు చెప్పండి, చిటికెలో అయిపోతుందన్నాడు. రెండో డిస్కు ఎక్కడుందో కాగితం మీద గీసి ఇచ్చాడు కూడా. కల్యాణి ఆ కాగితం తీసుకుని వచ్చేసింది గానీ రాజశ్రీకి ఇవ్వలేదు.

కొన్నాళ్ల తర్వాత, ఒకనాటి మధ్యాహ్నం, ధర్మారావు తనంతట తనే సైకిలు మీద స్మృతి నగర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దుప్పట్లు కప్పిన అల్మరాలను చూసి, "ఇదేటమ్మా ఇలాగ?" అన్నాడు. కారణం చెబితే, మంచి పని చేశారన్నట్టు తలూపాడు. తర్వాత చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే తివాచీ మీద వెల్లకిలా పడుకున్నాడు.

రాజశ్రీకి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె కల్యాణి ముఖం చూసి, ఏమీ అడక్కుండా హెడ్‌సెట్ అందించి, వెనకనున్న పట్టీ బిగించింది. కంప్యూటర్ వేశారు. ఆయన చూస్తున్నది మానిటర్ మీద వాళ్లకూ కనబడుతోంది.

వంటిల్లు తెరుచుకుంది. ధర్మారావు తలను ఇటూ అటూ తిప్పాడు. డబ్బాల మీద, కిటికీ మీద, బకెట్ మీద చూపు ఆగి ఆగి కదిలింది. అప్పుడు రబ్బరు చెప్పుల చప్పుడైంది. లోపలి ధర్మారావు వచ్చి, పొయ్యి వెలిగించి, తిరిగి, కింద పడుకున్న ధర్మారావు కళ్లలోకి చూశాడు.

"లేసేవా? బాగా పడుకున్నావా రాత్రి?"

తివాచీ మీది మనిషి పెదవులు కదిలాయి. మాట ఇంకా రాలేదు.

"అలాగే. ఈవేళ ఏటి వొండమంటావు?"

"ఉ..." అన్నాడు కింద పడుకున్నవాడు.

"అలాగే," అని లోపలివాడు వెనక్కి తిరిగాడు.

ధర్మారావు చేయి తివాచీని గీరుతోంది.

"సాలదు," అన్నాడు. "నాలుగంకెలు ఆవిడికి సాలదు. ఒక మాటకి ఎంతసేపు పట్టీదో నాకు తెలుసు, పక్కన కూకోనే ఇనీవోణ్ణి. ఆవిడ మాట అవకముందే వీడు ఈపు తిప్పీసేడు. రోజూ తిప్పీసేడు."

కల్యాణికి, ఆ చోటు తనకు అచ్చంగా సరిపోయిందని భయపడిన ఆనాటి పొద్దుట సంగతి గుర్తొచ్చింది. సరిపోయింది తనకే. ఆవిడకు కాదు.

"ఒక్కో పొద్దున్న హెడ్‌సెట్ లాగెయ్యమని చెయ్యి కొట్టుకునీది," అన్నాడాయన. "బరువుకి ఇసుగనుకున్నాను. లోపల దూది ఎట్టి కుట్టేను, మెత్తగా ఉంటాదని."

రాజశ్రీ మానిటర్ వైపు నుంచి ముఖం తిప్పుకుంది.

"అమ్మా, దీన్ని ఎనక్కి తిప్పండి. నాను అడిగిన కాడ ఆపండి."

కల్యాణి మౌస్ అందుకుంది. లోపలి ధర్మారావు ఇటు తిరిగి, ఏటి వొండమంటావు అని అడిగి, తల పక్కకు వంచిన చోట ఆపింది. ఆ మనిషి గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలిచిపోయాడు. పాల మీద ఆవిరి ఆగిపోయింది.

కింద పడుకున్న ధర్మారావు చాలాసేపు మాట్లాడలేదు. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన గొంతు ఆయనది కాదు. సన్నగా, ఒక పక్కకు జారిపోతూ, ఒక్కో అక్షరాన్నీ కూడదీసుకుంటూ వచ్చింది.

"వొం... డొద్దు. కా... సేపు. కూ... కో. నా... కా... డ."

రాజశ్రీ కల్యాణి చేయి పట్టుకుంది.

"ఇదే అందమ్మా," అని ధర్మారావు తన గొంతుతో అన్నాడు. "ఒకరోజు ఇలాగే అంది. కుర్చీలో కూకోని ఇన్నాను. వొంటింట్లో గిన్నె మాడిపోతాదని లెగిసెళ్లిపోయేను. ఇప్పుడు నడపండి."

కల్యాణి నొక్కింది.

"అలాగే," అన్నాడు లోపలి ధర్మారావు. ఎంతో ప్రేమగానే అన్నాడు. వెంటనే వీపు తిప్పి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

"సూసేరా?" అన్నాడు కింద ఉన్నాయన. "కూకోలేదు."

వీడియో అయిపోయేదాకా ఆయన లేవలేదు. ఆ తర్వాత రాజశ్రీయే హెడ్‌సెట్ విప్పింది. పట్టీ బిగిసిన చోట ఆయన చెంపల మీద ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. ఎండిపోయిన కళ్లతో చుట్టూ చూసి, ఇది ఏ చోటో గుర్తుపట్టడానికి కాసేపు తీసుకున్నాడు. టీ తెప్పిస్తే తాగాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దున్నే దానంతట అది సర్దుకునే ఏర్పాటును తీసేశాడు. కంప్యూటర్ పెట్టె పక్కరేకు విప్పి రెండో డిస్కును బయటికి లాగాడు. నేల ఎక్కడుందో, ముందువైపు ఏదో కొత్తగా పెట్టి, "ఇంక మీ జోలికి రాదు," అన్నాడు. డిస్కును జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ప్రపంచం తిన్నగానే ఉంది. ఆ వారమే ఒకావిడ వచ్చి, ఇంకా కట్టని తన వంటింట్లో నిలబడి, పై అరకు చేయి చాపి చూసుకుని, ఇక్కడికి దించమంది. పని సాగింది. రాజశ్రీ ఉషారుగా ఉంది. కల్యాణి మాత్రం పొద్దున్నే ముందుగా వచ్చే అలవాటు మానలేకపోయింది. ఒకసారి హెడ్‌సెట్ పెట్టుకుని పడుకుని చూసింది. పైన ఏమీ లేదు, అంతులేని బూడిద రంగు తప్ప. ఎవరూ రాలేదు. అలా రాకపోవడానికి ఆమెకు ఊహించినదాని కన్నా ఎక్కువ భయం వేసింది. లేచి దుకాణంలో లైట్లన్నీ వేసింది.

ఒక శనివారం ధర్మారావు ఫోన్ చేశాడు. డిస్కు ఉంది గానీ చూడ్డానికి ఇంట్లో మెషీను లేదన్నాడు. ఆదివారం దుకాణం మూసే ఉంటుంది కదా, ఒక గంటసేపు ఇవ్వగలరా అని అడిగాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు. కల్యాణి వెంటనే రమ్మంది.

పొద్దున్నే షట్టరు ఎత్తి, డిస్కు బిగించి, ఆయన పడుకునేదాకా ఉండి, ఆమె బయటికొచ్చేసింది. షట్టరు మోకాళ్ల ఎత్తు దాకా దించి, పక్క దుకాణం అరుగు మీద కూర్చుంది. వీధిలో ఇంకా సందడి లేదు. ఒక పాలవాడు వెళ్లాడు. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి. లేసేవా, అని ఒక గొంతు అడిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాలుగంకెల కన్నా చాలా ఎక్కువసేపు. ఆయన వీడియో ఆపి ఉంటాడని ఆమె అనుకుంది. తర్వాత ఎవరో నెమ్మదిగా, కూడదీసుకుంటూ ఏదో చెప్పారు. దానికి ఒక నవ్వు. మళ్లీ ఒక ప్రశ్న, మళ్లీ ఎడం. అడిగే గొంతు లోపలి మనిషిదో కింద పడుకున్న మనిషిదో మొదట్లో ఆమెకు తెలిసేది. కాసేపటికి రెండూ కలిసిపోయాయి. జవాబు చెబుతున్నది మాత్రం ఎవరో, షట్టరు కింద సందులోంచి ఎంత చెవి పెట్టి విన్నా, ఆమె పోల్చుకోలేకపోయింది.

గంట దాటింది. కల్యాణి లేవలేదు. లోపల ఎవరో ఇంకా మాట పూర్తి చేస్తున్నారు.